హైవే మీద ఎడాస్ తడబడితే: పడకూడని బ్రేకు, పడని బ్రేకు, లాగే స్టీరింగ్

ఎడాస్ (కెమెరా, రాడార్‌తో రోడ్డును గమనిస్తూ బ్రేకు, స్టీరింగ్‌లో డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న కారు కొన్నవాళ్లు తరచూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ఖాళీ రోడ్డు మీద కారు దానంతటదే బ్రేకు వేసింది. గుండె జారిపోయే అనుభవమే, కాదనలేం. అంతకన్నా ప్రమాదమైన లోపం మీద మాత్రం ఫిర్యాదులు రావు. అది లోపంలా కనిపించదు మరి. సగం రోడ్డు మీద, సగం మట్టిలో నిలిపిన లారీ వైపు కారు అదే వేగంతో, కిక్కురుమనకుండా వెళ్లిపోతుంది. మొదటి దానికి విరుగుడు యాక్సిలరేటర్ మీద ఉంది, రెండోదానికి బ్రేకు మీద ఉంది. కుడికాలు ఏ చోట ఏ పెడల్ దగ్గర ఉండాలో ముందే తెలిసి ఉండటమే ఎడాస్ కారు నడపడంలో అసలు విద్య.

మన దగ్గర 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700తో ఈ సదుపాయం మధ్యతరగతి బేరంలోకి వచ్చింది. తర్వాత హోండా సిటీ హైబ్రిడ్, వెర్నా, హారియర్, సెల్టోస్, క్రెటా. బ్రోచర్‌లో పేర్లు వేరైనా అన్నీ లెవెల్ 2 దాకానే. అంటే స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ కారు సర్దినా బాధ్యత మొత్తం డ్రైవర్‌దే.

1. మీ కారు కళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి

ముందు అద్దానికి పైన, లోపలి మిర్రర్ వెనక నల్ల డబ్బాలో ఉండేది కెమెరా. గీతలు, ఆకారాలు, మనుషులు, బండ్లు దీనికే తెలుస్తాయి. ముందు బంపర్ కింది గ్రిల్‌లో గానీ కంపెనీ లోగో వెనక గానీ నున్నటి ప్లాస్టిక్ మూత కనిపిస్తే అక్కడుంది రాడార్. చాలావాటిలో ఇది 77 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. ముందున్న వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది దీని లెక్క. వెనక బంపర్ మూలల్లో ఉండే చిన్న రాడార్లు బ్లైండ్ స్పాట్ (మిర్రర్‌లో కనిపించని పక్క భాగం) కోసం. హోండా సిటీలాంటి కార్లలో ముందు రాడార్ ఉండదు, అన్నీ కెమెరాయే చూసుకుంటుంది. మీదేదో మాన్యువల్‌లో పటం చూసి తేల్చుకోండి, ఎందుకంటే తడబాటు వచ్చినప్పుడు కారణం వెతకాల్సింది అక్కడి నుంచే.

రాడార్‌కు వేగం బాగా తెలుస్తుంది, ఆకారం సరిగా తెలియదు. రోడ్డు మీద కదలనివన్నీ దానికి ఒకటే: వంతెన, పైన వేలాడే సైన్‌బోర్డు, డివైడర్ రెయిలింగ్, ఇనుప మూత. వీటన్నిటికీ బ్రేకు వేస్తే కారు నడవదు. అందుకే చాలా వ్యవస్థల్లో హైవే వేగం దగ్గర కదలని వస్తువుల ప్రతిధ్వనులను పట్టించుకోకుండా వదిలేస్తారు, లేదా కెమెరా కూడా ఔనంటేనే నమ్ముతారు. నిలిచిన లారీ కూడా ఆ వదిలేసిన గుంపులోకే పోతుంది. వడపోత వదులైతే ఉత్తుత్తి బ్రేకులు, బిగిస్తే పడని బ్రేకులు. ఈ రెండు లోపాలకూ మూలం ఒకటే.

కెమెరా కథ వేరు. సాయంత్రం పూట పడమటి వైపు వెళుతుంటే ఎండ నేరుగా దాని కంట్లో పడుతుంది. ఫ్లైఓవర్ నీడ, తడి రోడ్డు మీద మెరుపు, పగుళ్లు పూడ్చిన తారు గీతలు దానికి వస్తువుల్లాగా, లేన్ గీతల్లాగా కనిపించొచ్చు.

మన రోడ్లు బాగాలేకే ఇలా అవుతుందనుకోకండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2022 ఫిబ్రవరిలో సుమారు 4,16,000 టెస్లా కార్ల మీద ఉత్తుత్తి బ్రేకుల విచారణ మొదలుపెట్టింది. అప్పటికి తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు వచ్చాయి. అదే నెలలో సుమారు 17 లక్షల హోండా అకార్డ్, సీఆర్‌-వీల మీదా విచారణ తెరిచింది. అంతకుముందు నిస్సాన్ రోగ్ విషయంలో బయటపడ్డ చోట్లు చూడండి: రైలు పట్టాలు, వంతెనలు, కిందికి వేలాడే సిగ్నల్ లైట్లు. అక్కడ నడిపే మనవాళ్లకీ ఇదే జాగ్రత్త.

2. బయల్దేరే ముందు పది నిమిషాలు

మెత్తటి తడి బట్టతో ముందు అద్దం పైభాగం, బంపర్‌లో రాడార్ మూత తుడవండి. అద్దం లోపలివైపు కెమెరా లెన్స్‌ను మాత్రం ముట్టుకోవద్దు. వైపర్ కెమెరా ముందు చార వదులుతుంటే రబ్బరు మార్చండి. ఆ ఒక్క చార చాలు, వానలో కెమెరా గుడ్డిదవడానికి.

ఫాస్టాగ్ సంగతి. దాన్ని మిర్రర్ వెనక అద్దం పైభాగంలో అతికిస్తారు, కెమెరా ఉండేదీ అక్కడే. స్టిక్కర్ అంచు కెమెరా చూసే కిటికీలోకి వచ్చిందేమో కారు బయట నిలబడి చూడండి. వస్తే పీకి పక్కకి అంటించడం కుదరదు, ట్యాగ్ చెడిపోతుంది. మీ బ్యాంకును అడిగి కొత్తది తెప్పించుకుని, రెండు మూడు అంగుళాలు పక్కగా వేయించండి. డాష్‌క్యామ్, దేవుడి స్టిక్కర్, పైన వేలాడే పూసలదండ అన్నిటికీ ఇదే సూత్రం.

పూజ సంగతీ చెప్పుకోవాలి. కొత్త కారుకో, ఆయుధ పూజ నాడో లోగో మీద పసుపు ముద్ద, కుంకుమ పెట్టడం, బంపర్‌కి బంతిపూల దండ కట్టడం, నిమ్మకాయలు మిరపకాయలు వేలాడదీయడం మామూలే. లోగో వెనక రాడార్ ఉంటే తడి పసుపు, తడి పూలు దాని తరంగాలను మింగేస్తాయి. బొట్టు బానెట్ మీద పెట్టండి, నిమ్మకాయల దండ రాడార్ మూతకు దూరంగా, ఓ పక్కకి కట్టండి. దిష్టీ పోతుంది, రాడారూ పనిచేస్తుంది.

ఇనుప బుల్‌గార్డ్ ఉంటే తీసేయండి. చట్టానికీ విరుద్ధం, రాడార్‌కీ అడ్డు. బంపర్‌కి చిన్న దెబ్బ తగిలితే షెడ్డులో పుట్టీ పట్టించి పెయింట్ వేయించే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. రాడార్ ఎదురుగా ఉన్న భాగంలో పుట్టీ గానీ మందపాటి మెటాలిక్ పెయింట్ గానీ ఉంటే తరంగాలు వంకర పోతాయి. ఆ ముక్క కొత్తది వేయించడమే మేలు.

చివరగా బరువు. డిక్కీ నిండా బియ్యం బస్తాలు, వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే కారు వెనక దిగి ముక్కు పైకి లేస్తుంది. కెమెరా, రాడార్ కూడా ఆ మేరకు ఆకాశం వైపు చూస్తాయి. పైనున్న బోర్డులు, వంతెనలు ఎక్కువ కనిపిస్తాయి. నిండు లోడుతో వెళ్లేటప్పుడు ఉత్తుత్తి బ్రేకులు పెరిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే. టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన నిండు లోడు లెక్క ప్రకారం పెట్టండి.

3. సెట్టింగులు

మన హైవేలకి సరిపోయే అమరిక ఇలా ఉంటే మంచిదని మా అభిప్రాయం.

ముందు ఢీకొట్టే హెచ్చరిక, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు: ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఒక ఉత్తుత్తి బ్రేకు పడిందని దీన్ని ఆపేసి తిరగడం తెలివైన పని కాదు. హెచ్చరిక ఎంత ముందు మోగాలో ఎంచుకునే వీలుంటే మధ్యస్థంగా పెట్టండి.

క్రూయిజ్ (పెట్టిన వేగంతో వెళుతూ, ముందు బండిని బట్టి వేగం తానే సర్దుకునే సదుపాయం) దూరం: నాలుగు మెట్లుంటే మూడోది. నాలుగోది పెడితే ముందు ఖాళీలోకి బైకులు, ఆటోలు దూరి, కారు మాటిమాటికీ తగ్గుతుంది. మొదటిదైతే 100 కిలోమీటర్ల వేగంలో మరీ దగ్గర. ఆ వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు వెళుతున్నారు, రెండు సెకన్ల దూరం అంటే 55 మీటర్లు.

లేన్ అసిస్ట్ (కారు గీతల మధ్యే ఉండేలా స్టీరింగ్‌ను సర్దే సదుపాయం): గీతలు శుభ్రంగా ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆన్. పనులు జరుగుతున్న చోట, సింగిల్ రోడ్ల మీద హెచ్చరిక మాత్రమే ఉంచి స్టీరింగ్ జోక్యం ఆపేయండి. కొన్ని కార్లలో ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇది తిరిగి ఆన్ అవుతుంది, టిఫిన్‌కి ఆగి బయల్దేరినప్పుడు మళ్లీ చూసుకోండి.

4. మొదటి 20 కిలోమీటర్లు పరీక్ష

వెనక బండి లేని సాఫీ రోడ్డు మీద 80లో క్రూయిజ్ పెట్టి మూడు పనులు చేసి చూడండి. బ్రేకు పెడల్ మెల్లగా తాకండి: క్రూయిజ్ పూర్తిగా రద్దు కావాలి. మళ్లీ పెట్టి యాక్సిలరేటర్ నొక్కండి: వేగం పెరిగి, కాలు తీశాక పెట్టిన వేగానికే రావాలి. లేన్ అసిస్ట్ పట్టుకున్నప్పుడు స్టీరింగ్‌ను కొంచెం ఓ పక్కకి తిప్పండి: ఎంత బలానికి లొంగుతుందో చేతికి తెలియాలి. చాలా కార్లలో బ్రేకు తాకితే క్రూయిజ్ పోతుంది గానీ లేన్ అసిస్ట్ పోదు. ఈ తేడా గాబరా సమయంలో గుర్తురాదు, అందుకే ముందే చేతికీ కాలికీ అలవాటు చేయాలి.

5. ఉత్తుత్తి బ్రేకు పడితే

వరుస ఇది. కళ్లు ముందుకి: నిజంగా ఏమీ లేదా? బైకు, కుక్క, గేదె ఏదీ లేదని ఖాయమైతే యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. చాలా కార్లలో అది కారు వేసిన బ్రేకును వదిలిస్తుంది. స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, పక్క లేన్‌లోకి తిప్పొద్దు. తర్వాత మిర్రర్ చూసి, వెనక బండి దగ్గరగా ఉంటే రెండు మూడుసార్లు హజార్డ్ లైట్లు వెలిగించండి. ఆ తర్వాతే క్రూయిజ్ రద్దు.

భయంతో మీరు కూడా బ్రేకు తొక్కడం సహజమే, కానీ తప్పు అక్కడే. క్రూయిజ్ వేసే బ్రేకు మామూలుగా కారు పూర్తి బ్రేకులో సగం కూడా ఉండదు; ఒక సెకను పడితే వేగం 12, 13 కిలోమీటర్లు తగ్గుతుంది, వెనకవాడు తట్టుకుంటాడు. దానికి మీ కాలు కూడా తోడైతే తట్టుకోలేడు. వెనక లారీ ఉంటే మరీ. అందుకే వెనక బండి అంటిపెట్టుకుని వస్తుంటే, దానికి దారి ఇచ్చేదాకా క్రూయిజ్ తీసేయడమే క్షేమం.

ఎక్కడ పడొచ్చో చాలావరకు ముందే చెప్పొచ్చు. ఫ్లైఓవర్ కిందికి దిగే వాలు. వంపులో పక్క లేన్ లారీ నేరుగా ఎదురైనట్టు కనిపించే చోటు. టోల్‌గేట్ ముందు వరుస బారికేడ్లు. హైదరాబాద్-విజయవాడ రోడ్డులో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర అర కిలోమీటరు ముందే క్రూయిజ్ తీసేయడం అలవాటు చేసుకోండి. సర్వీస్ రోడ్డులోంచి బైకు ముక్కు బయటపెట్టే చోట కూడా పడుతుంది. అది మాత్రం ఉత్తుత్తి కాదు, కారు మీకన్నా ముందు చూసిందన్నమాట.

6. పడని బ్రేకు

ఇక్కడ కుడికాలు బ్రేకు పెడల్ మీదుగా తేలుతూ ఉండాలి. లెక్క చూడండి. 100 వేగంలో వెళుతుంటే, 150 మీటర్ల ముందు ఆగి ఉన్న లారీని చేరడానికి ఐదున్నర సెకన్లు కూడా పట్టదు. క్రూయిజ్ తన మెత్తటి బ్రేకుతో పూర్తిగా ఆపాలంటే దాదాపు 110 మీటర్లు కావాలి, అదీ చూసిన క్షణంలోనే మొదలుపెడితే. మీరు గట్టిగా తొక్కితే పొడి రోడ్డు మీద 50 మీటర్లు, ఆలోచించే సెకనున్నరకి ఇంకో 40. అంటే 90 మీటర్ల దగ్గర కూడా "చూద్దాం, అదే ఆపుతుందేమో" అని కూర్చుంటే ఇక దారి లేదు.

కాబట్టి నియమం: ముందున్నది ఆగి ఉందని మీకు తెలిసి, కారు వేగం తగ్గించడం మొదలుపెట్టకపోతే, వేచి చూడకుండా మీరే తొక్కండి.

ఇది జరిగే చోట్లు కొన్ని. ధాబాల ముందు, పంక్చర్ షాపుల ముందు నిలిచిన లారీలు. వెనక రిఫ్లెక్టర్ లేని చెరకు, పత్తి, వరిగడ్డి ట్రాక్టర్లు. గడ్డి మోపు రాడార్‌కి మెత్తటి దిండు లాంటిది, ప్రతిధ్వని సరిగా రాదు, రాత్రి కెమెరాకి దాని ఆకారమూ తెలియదు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు. డివైడర్ గ్యాప్‌లో అడ్డంగా తిరుగుతున్న బండి. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు. ఎదురొచ్చే వాటి విషయంలో చాలా వ్యవస్థల మీద నమ్మకం పెట్టుకోలేం.

అన్నిటికన్నా మోసపూరితమైంది మరొకటుంది. మీ కారు ముందు కారును అనుసరిస్తోంది. ముందు కారు ఉన్నట్టుండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. దాని ముందు లారీ ఆగి ఉంది. మీ క్రూయిజ్‌కి మాత్రం "దారి ఖాళీ" అనిపించి, పెట్టిన వేగం అందుకోవడానికి కారును ముందుకు దూకిస్తుంది. ముందు కారు కారణం లేకుండా తప్పుకుందంటే కారణం ఉందన్నమాట. వెంటనే బ్రేకు తాకండి, ఆ తర్వాతే చూడండి.

రాత్రిపూట, పొగమంచులో, జోరువానలో క్రూయిజ్ పెట్టడానికి మా సలహా: వద్దు.

7. స్టీరింగ్ లాగితే

చేతులు రెండూ గడియారంలో 9, 3 దగ్గర ఉంటే ఇది చిన్న విషయం. లాగిన వైపుకి ఎదురుగా స్థిరంగా పట్టండి, మీ బలం ఎప్పుడూ దానికన్నా ఎక్కువే ఉండేలా చేస్తారు. ఝాడించి తిప్పితే మాత్రం అది వదిలేసిన క్షణంలో కారు అటు పక్కకి పోతుంది. తర్వాత స్టీరింగ్ మీది బటన్‌తో లేన్ అసిస్ట్ ఆపేయండి.

కారణం ఎక్కువగా రోడ్డులోనే ఉంటుంది: పని జరిగే చోట పాత తెల్లగీత చెరపకుండా కొత్త పసుపు గీత వేయడం, మలుపు దగ్గర గీత సర్వీస్ రోడ్డులోకి చీలిపోవడం, తారుతో పూడ్చిన పగుళ్లు. ఇంకో కారణం మనదే. గుంత తప్పించడానికో, బైకుకి జాగా ఇవ్వడానికో ఇండికేటర్ వేయకుండా గీత దాటితే, కారు మనం నిద్రపోయామనుకుని వెనక్కి లాగుతుంది. ఇండికేటర్ వేస్తే లాగదు. డ్రైవింగ్ స్కూల్ నేర్పలేని క్రమశిక్షణను లేన్ అసిస్ట్ నేర్పుతోందనుకోండి.

స్టీరింగ్ మీద చేతులున్నట్టు నమ్మించడానికి నీళ్ల బాటిల్ ఇరికించే తెలివితేటలు వద్దు.

8. "కెమెరా పనిచేయడం లేదు" అని డాష్‌బోర్డు మీద వస్తే

వానలో, ఎదురెండలో, దుమ్ములో వచ్చి కాసేపటికి పోతే అది లోపం కాదు, నిజాయితీగా చేతులెత్తేయడం. ఎండలో గంటలకొద్దీ ఆపిన కారులో కెమెరా వేడెక్కినా ఇలాగే వస్తుంది. ఏసీ గాలి అద్దం మీదికి పెడితే సర్దుకుంటుంది. పొడి వాతావరణంలో, శుభ్రంగా తుడిచాక, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక కూడా పోకపోతే సర్వీస్ సెంటర్ పని. అప్పటిదాకా మామూలు కారులాగే నడపండి.

9. ఇంటికి చేరాక

సర్వీస్ అడ్వైజర్‌కి "దానంతటదే బ్రేకు వేసింది సార్" అంటే "ఎడాస్ అంతే సార్" అంటాడు. కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: తేదీ, సమయం, రోడ్డు పక్క కిలోమీటరు రాయి అంకె, వేగం, క్రూయిజ్ దూరం ఎన్నో మెట్టు, ఎండ ఎటు నుంచి, ముందు ఏముంది, డాష్‌బోర్డు మీద వచ్చిన మాట, కారులో బరువు. డాష్‌క్యామ్ వీడియో ఉంటే వెంటనే వేరేచోట దాచండి, లేదంటే దాని మీదే కొత్తది ఎక్కిపోతుంది. ఒకే చోట రెండుసార్లు జరిగితే రోడ్డు కారణం. వేర్వేరు చోట్ల, ఒకేలా జరిగితే కారు కారణం.

అక్కడ అడగాల్సినవి: లోపాల కోడ్‌ల స్కాన్, సాఫ్ట్‌వేర్ కొత్తది ఉందా, రాడార్ అమరిక. ఈ మూడోది ఎందుకు ముఖ్యమో చూడండి. రాడార్ పక్కకి ఒక్క డిగ్రీ తిరిగితే 100 మీటర్ల దూరంలో దాని చూపు 1.75 మీటర్లు జరుగుతుంది. మన జాతీయ రహదారి లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు. అంటే ఒక్క డిగ్రీకే సగం లేన్ తేడా, పక్క లేన్ లారీకి బ్రేకు వేస్తుంది. పార్కింగ్‌లో బంపర్ గోడకి తగిలితే చాలు, అంత తిరగడానికి.

ముందు అద్దం మార్చినా, బంపర్ విప్పినా, సస్పెన్షన్ పని చేసినా క్యాలిబ్రేషన్ (కెమెరా, రాడార్ చూపును మళ్లీ సరిచేయడం) తప్పనిసరి. కంపెనీని బట్టి ఇది రెండు రకాలు: చదునైన నేల మీద కారు ముందు కొలిచిన దూరంలో గుర్తుల బోర్డు పెట్టి చేసేది, గీతలున్న రోడ్డు మీద చెప్పిన వేగంలో నడిపి చేసేది. బయట షాపులో అద్దం వేయిస్తే కెమెరా బిగించే బ్రాకెట్ అసలుదేనా అని చూడండి, బీమా క్లెయిమ్ ఎస్టిమేట్‌లో క్యాలిబ్రేషన్ ఖర్చు కూడా రాయించండి. వీల్ అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ నిటారుగా లేకపోతే లేన్ అసిస్ట్ కూడా ఓ పక్కకే లాగుతుంది.

పని అయ్యాక జాబ్‌కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. అదే లోపం మళ్లీ వస్తే ఈ కాగితాలే ఆధారం. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రీకాల్ నిబంధనల కింద ఏడేళ్ల లోపు వాహనాల భద్రతా లోపాలపై వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తప్పు కారుది కాక, చెరపని గీతలదో దీపాలు లేకుండా ఆగిన లారీదో అయితే జాతీయ రహదారుల నంబర్ 1033కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి అంకె చెప్పండి.